యంత్రం వచ్చింది, మన చెయ్యి పడేదెప్పుడు?



ఈ సంచికలో కవితలుంటాయి, జ్ఞాపకాలుంటాయి, మెస్ సాంబారు మీద జోకులు ఎలాగూ ఉంటాయి. మేం మాత్రం ప్రయోగశాల పరికరాల గురించి రాస్తున్నాం. సైన్సు వాళ్ళ గొడవ మాకెందుకని ఆర్ట్స్ మిత్రులు పేజీ తిప్పేయకండి. ఇది మనం తాగే నీళ్ళ సంగతి, మింగే మాత్రల సంగతి. మనలో చాలామందికి రేపు దొరికే ఉద్యోగం సంగతి కూడా.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. గత నూరేళ్ళలో పదార్థాన్ని కొలిచే సాధనాలు ఊహకందనంతగా పెరిగాయి. ఆ పెరుగుదల మన విద్యార్థి చేతిదాకా మాత్రం రాలేదు. కొన్నిచోట్ల పరికరం కొనే డబ్బే లేదు. మరికొన్నిచోట్ల డబ్బు పెట్టి కొన్నాక తాళం వేశారు. కాబట్టి ఒక కాలేజీలో ఎన్ని యంత్రాలున్నాయని అడిగి ఊరుకోకూడదు. వాటిమీద ఎంతమంది విద్యార్థులు సొంతంగా ఒక శాంపిల్ నడిపారో అడగాలి.

కంటితో చూసిన రంగు నుంచి...

ఈ చరిత్రలో మన నేలకూ చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ దాన్ని చూడటానికి గుంటూరు వచ్చి, స్పెక్ట్రోస్కోపుతో సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును పరీక్షించాడు. అదే ఏడాది ఇంగ్లండులో లాక్యర్ కూడా ఆ జ్వాలల్ని పరిశీలించాడు. అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోని పసుపు గీత ఒకటి ఆ పరిశీలనల్లో బయటపడింది. దానికి హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద ఆ వాయువును రామ్సే పట్టుకున్నది 1895లో. వెలుగును విడదీసి చూసే ఒక సాధనం ఉండబట్టే, చెయ్యి చేరని సూర్యుడిలో ఏముందో మనిషికి ముందుగా తెలిసింది.

రెండో పేరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిది. అమెరికా వెళ్ళి, ఆసుపత్రిలో చిన్నచిన్న పనులు చేసుకుంటూ చదివిన మనిషి. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని ఆయన, ఫిస్కే కలిసి 1925లో ప్రచురించారు. మాలిబ్డేట్ కలిపి, క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కగా ఉంటుంది. ఆ రంగును తెలిసిన ద్రావణం రంగుతో పోల్చి చూడటమే కొలత. ఈ పద్ధతిని చేతబట్టుకునే ఆ ఇద్దరూ కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ కనుక్కున్నారు, 1929లో ఏటీపీ మీద తమ ఫలితాలు ప్రకటించారు. జీవశాస్త్రం పుస్తకంలో మనం పదేపదే చదివే ఏటీపీ వెనుక ఒక నీలిరంగు ద్రావణం ఉందన్నమాట.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ కనుగొన్న ఫలితానికి కూడా పెద్ద యంత్రాలేమీ లేవు. సూర్యకాంతి, రంగు ఫిల్టర్లు, శుద్ధి చేసిన ద్రవాలు, ఒక చిన్న స్పెక్ట్రోస్కోపు. 1930లో నోబెల్ వచ్చింది. ఇవాళ అదే రామన్ ఫలితం మీద పనిచేసే పరికరం చేతిలో పట్టేంత చిన్నదైంది. మందుల కంపెనీ గోడౌన్‌లో ముడిసరుకు పాలిథిన్ సంచిని విప్పకుండానే, బయటినుంచి లేజర్ తాకించి లోపలున్నది ఏ పదార్థమో చెప్పేస్తోంది.

ఆ తర్వాత వేగం పెరిగింది. 1950లలో ఆస్ట్రేలియాకు చెందిన అలన్ వాల్ష్ అటామిక్ అబ్సార్ప్షన్ పద్ధతిని రూపొందించాడు. నీళ్ళలో సీసం, కాడ్మియం లాంటి లోహాల్ని కొలవడం మామూలు పనైంది. 1980లలో ఐసీపీ-ఎంఎస్ మార్కెట్లోకి వచ్చింది. ఆర్గాన్ వాయువును వేల డిగ్రీల వేడిలో ప్లాస్మాగా మార్చి, అందులోకి శాంపిల్‌ను తుంపరగా పంపి, విడివడిన అయాన్లను బరువును బట్టి లెక్కపెడుతుంది. ఒకేసారి డజన్లకొద్దీ మూలకాలు తేలతాయి. లీటరు నీళ్ళలో గ్రాములో పది లక్షల వంతు ఉంటే పీపీబీ అంటాం. ఐసీపీ-ఎంఎస్ అంతకంటే వెయ్యిరెట్లు తక్కువ మోతాదును కూడా పట్టగలదు. మన దేశంలో తాగునీటిలో సీసానికి పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము, అంటే పది పీపీబీ. ఇంత సూక్ష్మంగా కొలిచే పద్ధతులు లేకపోతే ఆ హద్దు కాగితం మీద ఒక అంకెగానే ఉండిపోయేది.

కొలిచేవాడి మాటే చెల్లుతుంది

అసలు విషయం ఇక్కడే ఉంది. ఒక ఊరి జనం "మా నీళ్ళు బాగాలేవు" అని ఎన్ని అర్జీలు పెట్టినా అది ఫిర్యాదుగానే మిగులుతుంది. "లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు" అని రాస్తే అది ఆధారమవుతుంది. అధికారి జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఫ్లోరైడ్ సంగతే చూద్దాం. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్ని పరిశీలించి వైద్యులు రాశారు. ఆ తర్వాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికే నల్లగొండ టెక్నిక్ అని పేరు. మాలో కొందరివి ఆ ఊళ్ళే. నడుము వంగి, మోకాళ్ళు వంకర తిరిగిన పెద్దలు మా వాడల్లో ఇప్పటికీ ఉన్నారు. ఇప్పుడు ఇళ్ళకు నది నీళ్ళు వస్తున్నాయి. అది మంచి మార్పు. కానీ నల్లా రాని రోజున బిందె వెళ్ళేది మళ్ళీ ఆ బోరు దగ్గరికే. ఆ బోరులో ఎంతుందో ఊళ్ళో ఎవరికీ తెలియదు.

తెలుసుకోవడానికి కోట్ల యంత్రం అక్కర్లేదు. 1966లో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంతో ఒక ఎలక్ట్రోడ్ తయారుచేశారు. చూడటానికి పీహెచ్ మీటరు ఎలక్ట్రోడ్ లాగానే ఉంటుంది. నీళ్ళలో సరైన బఫర్ కలిపి, ఎలక్ట్రోడ్ ముంచితే మిల్లీవోల్టుల్లో అంకె వస్తుంది. తెలిసిన ద్రావణాలతో గీసుకున్న గ్రాఫులో ఆ అంకెను చూసుకుంటే ఫ్లోరైడ్ ఎంతో తెలుస్తుంది. బీఎస్సీ విద్యార్థి ఒక పూటలో నేర్చుకోగల పని. డిగ్రీ కాలేజీకి ఒక ఎలక్ట్రోడ్ ఇచ్చి, విద్యార్థుల్ని సొంత ఊరి నీళ్ళు తెమ్మంటే, రెండేళ్ళలో జిల్లా బోర్ల పటం తయారవుతుంది. ప్రాక్టికల్ రికార్డులో పాత బ్యాచ్ అంకెలు దించుకోవడం కంటే అది ఎన్నో రెట్లు మేలు.

కొలిచే శక్తి చేతిలో ఉంటే ఏమవుతుందో 2003లో దేశం చూసింది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే స్వచ్ఛంద సంస్థ తన సొంత ల్యాబులో శీతల పానీయాల్ని పరీక్షించి, పురుగుమందుల అవశేషాలున్నాయని ప్రకటించింది. పెద్ద కంపెనీలు కాదన్నాయి. పార్లమెంటు సంయుక్త సంఘం విచారించి, 2004లో ఆ సంస్థ చెప్పింది సరైనదేనని తేల్చింది. ఆ సంస్థ దగ్గర పరికరమూ, దాన్ని నమ్మకంగా నడిపే మనుషులూ లేకపోతే ఆ వాదన ఒక్కరోజు కూడా నిలిచేది కాదు.

2020 డిసెంబరులో ఏలూరులో దీని రెండో వైపు చూశాం. వందలమంది ఉన్నట్టుండి మూర్ఛతో, తల తిరుగుడుతో పడిపోయారు. నమూనాలు ఢిల్లీకి, హైదరాబాదుకు వెళ్ళాయి. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది. తర్వాత నిపుణుల అనుమానం పురుగుమందుల అవశేషాల వైపు మళ్ళింది. అంకె వచ్చేదాకా ఏ నీళ్ళు తాగాలో, ఏ కూరగాయ తినాలో తెలియక ఊరు భయంతో ఉంది. నమ్మదగిన ల్యాబ్ జిల్లాలోనే ఉండి, అందులో శిక్షణ పొందిన మన పిల్లలు ఉంటే, జవాబు మొత్తం కాకపోయినా సగమైనా తొందరగా దొరికేది కదా!

"హెచ్‌పీఎల్‌సీ హ్యాండిల్ చేశావా?"

ఇక ఉద్యోగం సంగతి. మన హాస్టళ్ళ నుంచి కెమిస్ట్రీ చదివినవాళ్ళకు ముందుగా కనిపించే దారి మందుల కంపెనీ. పటాన్‌చెరు, జీడిమెట్ల, జడ్చర్ల, పరవాడ. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "హెచ్‌పీఎల్‌సీ హ్యాండిల్ చేశావా?"

ఆ యంత్రం పనేమిటో మిత్రులకు రెండు మాటల్లో చెబుతాం. సన్నని పొడి గట్టిగా నింపిన ఉక్కు గొట్టం గుండా మిశ్రమాన్ని ఎక్కువ పీడనంతో నెడతారు. ఒక్కో పదార్థం ఒక్కో వేగంతో నడిచి, వేర్వేరు సమయాల్లో బయటికొస్తుంది. ఒక్కోటి తెరమీద ఒక్కో శిఖరంలా కనిపిస్తుంది. మాత్రలో మందెంతో, మలినమెంతో అందులో తేలుతుంది. 2004 తర్వాత వచ్చిన కొత్తరకం యంత్రాల్లో పొడి ఇంకా సన్నం, పీడనం ఇంకా ఎక్కువ. అరగంట పట్టే పరీక్ష కొన్ని నిమిషాల్లో అయిపోతోంది.

2018లో ఈ రంగం ఉలిక్కిపడింది. వల్సార్టన్ అనే రక్తపోటు మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే మలినం ఉందని తెలిసి, చాలా దేశాలు ఆ మాత్రల్ని వెనక్కి పిలిచాయి. అది క్యాన్సర్ తేగలదని అనుమానమున్న పదార్థం. రోజుకు 96 నానోగ్రాములకు మించి ఒంట్లోకి పోకూడదని హద్దు పెట్టారు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్ల వంతు. అంత సూక్ష్మమైనదాన్ని వెతకడానికి క్రొమటోగ్రఫీకి మాస్ స్పెక్ట్రోమెట్రీ జోడించిన యంత్రాలు కావాలి, వాటిని నడిపే చేతులు కావాలి.

ఆ చేతులు ఎవరివవుతున్నాయి? ఎమ్మెస్సీలో మేం ఈ యంత్రాల సూత్రాలన్నీ చదివాం. బ్లాక్ డయాగ్రం స్కేలు పెట్టి గీస్తాం. పంపు, ఇంజెక్టర్, కాలమ్, డిటెక్టర్ అని బాణాలు వేసి పేర్లు రాస్తాం. పదికి ఎనిమిది మార్కులు వస్తాయి. ఇంటర్వ్యూలో మాత్రం "బేస్‌లైన్ ఎందుకు వణుకుతుంది? పీడనం ఉన్నట్టుండి పెరిగితే ముందు ఏం చూస్తావు?" అని అడుగుతారు. యంత్రం ముందు కూర్చున్నవాడికి అది మంచినీళ్ళు తాగినంత తేలిక. డయాగ్రం గీసినవాడికి నోరు ఎండిపోతుంది. అప్పుడు నగరంలో శిక్షణ సంస్థలు కనబడతాయి. వేలకు వేలు ఫీజు. ఇంట్లో డబ్బున్నవాడు నెలరోజులు నేర్చుకుని ఉద్యోగంలో చేరతాడు. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేం. ఉపాధి హామీ కూలి డబ్బులు పంపి చదివించిన అమ్మానాన్నల్ని, ఎమ్మెస్సీ అయ్యాక మళ్ళీ "యంత్రం నేర్చుకోవాలి, డబ్బులు పంపండి" అని ఎలా అడగాలి?

తాళం ఎందుకు?

మాలో కొందరు చదివిన ఒక విభాగంలో మంచి యంత్రాలే ఉన్నాయి. ఏసీ గదిలో, గాజు తలుపు వెనుక. తాళం చెవి ఇన్‌చార్జి దగ్గర ఉంటుంది. తనిఖీ బృందం వచ్చినప్పుడు బూజు దులిపి, తెల్లగుడ్డ తీసి, రిబ్బన్ కడతారు. మిగతా రోజుల్లో గాజులోంచి చూడటమే మా ప్రాక్టికల్. ఒక్క మనిషిని తప్పుపట్టడానికి ఇది చెప్పడంలేదు. వేరే వేరే కాలేజీల్లోని మిత్రులు చెప్పేదీ ఇంచుమించు ఇదే.

"లక్షల రూపాయల యంత్రం, పిల్లలు ముట్టుకుంటే పాడవుతుంది" అంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. వడకట్టని ద్రావణం ఎక్కిస్తే కాలమ్ పూడుకుపోతుంది. కాలమ్ ధర వేలల్లో ఉంటుంది. శుద్ధమైన అసిటోనైట్రైల్ కూడా ఖరీదే. పాడైతే సంతకం పెట్టిన మాస్టారే జవాబు చెప్పుకోవాలి. ఆ భయం మాకు అర్థమవుతుంది.

కానీ నడవని యంత్రం క్షేమంగా ఉంటుందా? వాడని బోరు మోటారు పట్టేస్తుందని మన ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. హెచ్‌పీఎల్‌సీ కూడా అంతే. బఫర్ ఎండి గొట్టాల్లో ఉప్పు పేరుకుంటుంది, సీళ్ళు ఎండుతాయి. నిర్వహణ ఒప్పందం గడువు ముగిసిపోతుంది, దాని కంప్యూటర్ పాతబడిపోతుంది. విద్యార్థి చేతిలో పాడైన యంత్రం కనీసం నలుగురికి పని నేర్పి పాడవుతుంది. గుడ్డ కింద పాడైన యంత్రం ఎవరికీ ఏమీ నేర్పదు.

ఇంకో మాట కూడా వింటుంటాం. "స్కాలర్‌షిప్పులే టైముకు రావు, మెస్ చార్జీలే చాలవు, మీకు యంత్రాలు కావాలా?" అని. ఔను, కావాలి. అన్నం కోసం అడగడం మానం. కానీ అన్నం పెట్టి పనితనం ఇవ్వకపోతే, మనం చదువు ముగించుకుని మళ్ళీ అదే కూలి అడ్డా మీదికి వెళ్ళాలి.

యంత్రం చెప్పిందల్లా వేదం కాదు

మన తమ్ముళ్ళకు ఒక హెచ్చరిక. బటన్ నొక్కితే అంకె రావడం శాస్త్రం కాదు. ఫ్లోరైడ్ నీళ్ళను గాజు సీసాలో కాక ప్లాస్టిక్ సీసాలో పట్టాలి, ఎందుకంటే ఫ్లోరైడ్ గాజుతో చర్య జరపగలదు. సీసం కొలిచే శాంపిల్‌లో నైట్రిక్ ఆమ్లం కలిపి ఉంచాలి, లేకపోతే సీసం గోడలకు అంటుకుని అంకె తగ్గుతుంది. బ్లాంక్ నడపాలి, స్టాండర్డ్ నడపాలి, మళ్ళీ మళ్ళీ నడపాలి. కోటి రూపాయల యంత్రానికి కడగని సీసాలో నీళ్ళు పోసిస్తే వచ్చేది తప్పుడు అంకే. ఈ శ్రద్ధ బ్యూరెట్టు, పిపెట్టు దగ్గర మొదలవుతుంది. అవి మన దగ్గర ఉన్నాయి కాబట్టి అక్కడ బద్ధకించే హక్కు మనకు లేదు.

పెద్ద డిగ్రీ ఉంటేనే ఈ రంగంలో పేరొస్తుందని కూడా అనుకోవద్దు. ప్రొటీన్లవంటి పెద్ద అణువులు ముక్కలు కాకుండా వాటి బరువు తూచే పద్ధతికి 2002లో నోబెల్ పంచుకున్న వారిలో కొయిచి తనాకా ఒకరు. జపాన్‌లో పరికరాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. డాక్టరేట్ లేదు, ఉన్నది బ్యాచిలర్ డిగ్రీయే. పొరపాటున గ్లిజరిన్ కలిసిన కోబాల్ట్ పొడిని పారేయడానికి మనసొప్పక, దాన్నే వాడి చూస్తే దారి దొరికింది. పరికరం రోజూ ఆయన చేతికింద ఉంది కాబట్టే ఆ పొరపాటు పనికొచ్చింది.

మేం అడిగేవి, మనం చేయగలిగేవి

ఒకటి: సిలబస్‌లో ఉన్న ప్రతి పరికరం మీద ప్రతి పీజీ విద్యార్థికి నిర్ణీత గంటలు ఉండాలి. యంత్రం పక్కన లాగ్‌బుక్‌లో విద్యార్థి పేరు, సంతకం పడాలి. తనిఖీకి వచ్చేవారు యంత్రం కంటే ముందు ఆ పుస్తకం అడగాలి.

రెండు: పరికరం కొనేటప్పుడే ఐదేళ్ళ నిర్వహణ ఖర్చు, రసాయనాల ఖర్చు, ఒక టెక్నీషియన్ జీతం కలిపి మంజూరు చేయాలి. అవి లేని మంజూరు సగం మంజూరే.

మూడు: ప్రతి కాలేజీకి ప్రతి యంత్రం ఇవ్వడం కుదరదని మాకూ తెలుసు. జిల్లాకు ఒక కేంద్రం పెట్టి, చుట్టుపక్కల డిగ్రీ విద్యార్థులకు వంతులవారీగా తెరవాలి. దేశంలోని సంస్థల పరికరాలు బయటివారు వాడుకునేలా కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ఐ-స్టెమ్ అనే వేదిక ప్రారంభించింది. దాని గురించి మన కాలేజీల్లో ఎంతమందికి చెప్పారు?

నాలుగు, ఇది మన సీనియర్లకు. అన్నలారా, అక్కలారా! మీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసేవాళ్ళు ఉన్నారు. నెలకు ఒక ఆదివారం ఇక్కడికి రండి. అరిగిపోయిన కాలమ్ ఒకటి తెచ్చి కోసి చూపించండి. పరీక్ష ఫలితాల నకళ్ళు ఇమ్మని అడగం, అవి కంపెనీవి. పీడనం పెరిగితే ఏం చేయాలో, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో చెప్పండి చాలు. శిక్షణ సంస్థకు కట్టే వేల రూపాయలు ఒక తమ్ముడికి మిగులుతాయి.

ఐదు: ఫిబ్రవరి 28న సైన్సు దినోత్సవం, సెప్టెంబరు 26న సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం. ఆ సందర్భాల్లో హైదరాబాదులోని ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి సంస్థలు విద్యార్థులకు తలుపులు తెరుస్తుంటాయి. విహారయాత్ర డబ్బుతో ఒక ఏడాది అక్కడికి వెళ్దాం.

ఆరోది ఈ హాస్టల్ గేటు లోపలే చేయగలిగింది. మనం తాగేది బోరు నీళ్ళా, నల్లా నీళ్ళా, ట్యాంకరు నీళ్ళా? అందులో ఏముందో మనలో ఎవరమూ కొలవలేదు. పీహెచ్, లవణాలు, ఫ్లోరైడ్, క్లోరిన్ చూసే కిట్లు మార్కెట్లో దొరుకుతాయి. కిట్ రంగుతో వచ్చిన అంకెను, దగ్గరి కాలేజీ ల్యాబులో మళ్ళీ సరిచూసుకోవచ్చు. నెలనెలా ఆ అంకెలు మెనూ పక్కనే నోటీసు బోర్డు మీద రాద్దాం. ఇంటర్ తమ్ముడు రాయాలి, డిగ్రీ అన్న సరిచూడాలి. తేడా వస్తే వార్డెన్ సార్‌కు నోటిమాటగా కాక, అంకెతో సహా అర్జీ ఇద్దాం.

మొదటి కిట్ ఖర్చు మేం పీజీ విద్యార్థులం చందా వేసుకుని భరిస్తాం. ఆదివారం వచ్చి నేర్పగల సీనియర్లు వార్షికోత్సవం రోజున సంక్షేమ కమిటీ దగ్గర పేరు, వీలైన ఆదివారం రాయించండి. వచ్చే ఏడాది ఈ సంచికలో ఈ పేజీలో మా అభిప్రాయం వద్దు. పన్నెండు నెలల నీటి లెక్కలు అచ్చువేద్దాం.

— ఎం.ఎస్సీ. రసాయన శాస్త్ర విద్యార్థుల తరఫున